లోపలి గడియ

పరుగు పందేలకు వెళ్ళే రోజు పొద్దున లేచింది మొదలు నేను నీళ్ళు ముట్టేదాన్ని కాదు. అదేదో వ్రతమనుకునేరు. డెబ్బైలలో బెంగళూరులో మేం పరుగెత్తిన మైదానాల్లో ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉండేది కాదు, అంతే. మగపిల్లలకూ లేదు గానీ వాళ్ళకు గోడ చాలు. మాకు గోడతో ఏం లాభం?

మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే నిలిచిపోయిన మనిషి. నేను బూట్లు బిగించుకుంటుంటే నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడేది.

“తాగవే. ఇట్లా ఒళ్ళు ఎండగట్టుకుంటే రేపు మా వార్డులోనే పడతావు. నీకు సూది నేనే పొడవాలి.”

“తాగితే ఎక్కడికి పోనమ్మా?”

ఆవిడకు కోపమొచ్చేది. గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది.

నేను నాలుగు వందల మీటర్లు పరుగెత్తేదాన్ని. ఒక ఏడాది రాష్ట్ర స్థాయి పోటీల్లో ఫైనల్‌ను మిట్టమధ్యాహ్నం పెట్టారు. చివరి మలుపు దాకా నేనే ముందు. మలుపు తిరగ్గానే పిక్క పట్టేసింది. కుంటుకుంటూ నాలుగోదాన్నయ్యాను. మర్నాడు పేపర్లో ఒక మహానుభావుడు ఆడపిల్లలకు ఆఖర్లో దమ్ము చాలదని తేల్చేశాడు. దమ్ముకేం, బోలెడుంది. ఒంట్లో చుక్క నీరు లేదు. ఆ మాటే రాసి పేపరు వాళ్ళకు ఉత్తరం పంపాను. వెయ్యలేదు. మరుగుదొడ్డి గురించిన ఉత్తరం ఎవరు అచ్చేస్తారు?

తర్వాత పతకాలు వచ్చాయి. వాటి పుణ్యమా అని ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంతో పాటు మోకాలి నొప్పీ వచ్చింది. ఎనభైలలో కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. పార్టీ వాళ్ళకు మా వార్డులో ఒక ఆడమనిషి కావలసి, పేపర్లో బొమ్మ పడినది ఎవరా అని వెదికితే నేను దొరికాను. నేను ఒప్పుకున్నది ఒకే ఒక్క దాని కోసం. మైదానంలో ఆడపిల్లలకు ఒక గది, అందులో మరుగుదొడ్డి, కుళాయి. “అదెంత పని!” అన్నారు.

ముందు ప్రచారానికి పెట్టే నా ఫోటో దగ్గరే తగువొచ్చింది. నిక్కరు వేసుకుని పందెం చివర రిబ్బను తెంచుతున్న ఫోటో అది. వార్డు పెద్దలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“కాళ్ళు కనిపిస్తా ఉండాయి గదమ్మా.”

“పరుగెత్తింది వాటితోనే కదండీ.”

తలలూపి వెళ్ళారు. వెళ్ళి, గోడల మీద బొమ్మలు వేసేవాడి చేత నాకు చీర కట్టించారు. వారం తిరిగేసరికి మా వార్డు నిండా నేను జరీ అంచు చీరలో, చెంగు గాలికెగురుతూ, రెండు చేతులూ పైకెత్తి పరుగెడుతున్నాను. ఇల్లంటుకుంటే బయటికి ఉరికిన దానిలా ఉన్నాను. అయినా గెలిచాను.

వాళ్ళకు నాతో ఉన్న పనేమిటో గెలిచాక తెలిసింది. ఏ బడిలో ఆటల పోటీలు జరిగినా నన్ను పిలిచేవారు. విజిల్ ఊదాలి, స్టీలు గ్లాసులు పంచాలి, దండ వేయించుకుని రావాలి. నీళ్ళ పైపుల మీద మీటింగు జరిగితే మాత్రం నాకు కబురుండేది కాదు. గది సంగతి సభలో ఎత్తితే ఒక పెద్దమనిషి లేచి, “పిల్లలు ఆడేది రెండు గంటలు. ఆ పనేదో ఇంట్లో చూసుకుని రాలేరా?” అన్నాడు. ఆయన అన్నది కన్నడంలో. తెలుగులో కొంచెం మర్యాదగా వినిపిస్తోంది. సభంతా నవ్వింది.

“మనం ఇక్కడ కూర్చునేదీ రెండు గంటలే. మరి కింద మీకు ఆరు మరుగుదొడ్లెందుకు?” అన్నాను. నవ్వు ఆగింది గానీ ఫైలు కదల్లేదు. దాని వెనక రెండేళ్ళు తిరిగాను.

కార్పొరేషన్ ఇంజినీరు పాత బెంగళూరు తెలుగువాడు, నాకంటే చిన్నవాడు. ప్లాను తెచ్చిన ప్రతిసారీ అతనితో పోట్లాడాను. కిటికీ తలకంటే ఎత్తులో ఉండాలన్నాను. కుళాయి లోపలే పెట్టాలన్నాను. నేల జారకూడదన్నాను. చివరికి సంతకం పెట్టాను. గది లేచింది.

గది ప్రారంభం, వార్డు ఆటల పోటీలు ఒకే రోజు పెట్టారు. పొద్దున రిబ్బను నేనే కత్తిరించాను. పోటీలు మొదలుపెట్టడానికి మంత్రిగారు రావాలి. మా వార్డు పిల్లలతో పాటు ఊరవతల అత్తిబెలె నుంచి బస్సులో పిలిపించిన బడిపిల్లలు షామియానా నీడలో కూర్చున్నారు. ఒకమ్మాయికి నిమ్మరసం ఇస్తే గ్లాసు వెనక్కి నెట్టింది.

“దాహం లేదా?”

“ఉండాదక్కా.”

“మరి తాగు.”

“తాగితే మళ్ళా పోవాల్సొస్తుంది గదక్కా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “అదిగో గది. మీ కోసమే కట్టించింది.”

“దానికి లోపల గడియ లేదక్కా. ఇందాక మా పిల్ల ఒకతి లోపలున్నప్పుడే ఎవరో ఒకాయన బకెట్టు కావాలని తోసుకొనొచ్చేసినాడు.”

వెళ్ళి చూశాను. తలుపుకు బయట అరచేతి వెడల్పు గొళ్ళెం, దానికి వేలాడుతూ కొబ్బరికాయంత తాళం. లోపలి వైపు నున్నటి చెక్క, ఇంకేమీ లేదు. ఇంజినీరును పిలిచాను.

“ఏంటప్పా ఇది?”

“గొళ్ళెం గట్టిది వేయించినానక్కా. బకెట్టు, మగ్గు ఎవరూ ఎత్తుకొనిపోయేకి కాదు.”

“బకెట్టును కాపాడావు సరే. లోపలున్న పిల్ల సంగతేమిటి?”

అతను తలుపు మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూశాడు. “ప్లానులో అది లేదు గదక్కా,” అన్నాడు మెల్లగా. “మీరు సంతకం కూడా చేసినారు.”

చేశాను. అందరికంటే ఎక్కువ మండింది నా మీద నాకే. కిటికీ ఎత్తు కోసం నెలలు పోట్లాడినదాన్ని, గడియ నా బుర్రకు తట్టలేదు. పరుగెత్తిన అన్నేళ్ళలో మాకసలు తలుపంటూ ఉంటే కదా, దానికి గడియ అవసరమని గుర్తు రావడానికి!

“స్కూటర్ తియ్యి. గడియ, దానికి మరలు పట్టుకురా.”

“సోమవారం పెట్టించేస్తానక్కా.”

“సోమవారం దాకా ఆపుకొమ్మని పిల్లలకు నువ్వే చెప్పు.”

స్కూటర్ తీశాడు.

అతనొచ్చేదాకా నేను తలుపుకు వీపానించి నిలబడి, పిల్లల్ని ఒక్కొక్కరినే లోపలికి పంపాను. ఈలోగా మంత్రిగారు వచ్చేశారు. మైకులో నన్ను మూడుసార్లు పిలిచారు. పార్టీ వార్డు అధ్యక్షుడు ఆయాసపడుతూ వచ్చాడు.

“అక్కా, మంత్రిగారు నిలబడుకొని ఉండారు! విజిల్ ఎవరు ఊదేది?”

“ఎవరూదినా పరుగెత్తేవాళ్ళు ఇక్కడే ఉన్నారు.”

“ఈడ ఎవరినన్నా ఒక ఆడమనిషిని నిలబెడితే సరిపోయె గదక్కా.”

“నిలబెట్టారుగా, నన్ను.”

ఆయన తల పట్టుకుని వెళ్ళాడు. ఇంజినీరు తిరిగొచ్చి, ఇస్త్రీ ప్యాంటుతో మోకాళ్ళ మీద కూర్చుని, గడియ తనే బిగించాడు. నేను లోపలికెళ్ళి మూడుసార్లు వేసి తీసి చూశాను. అప్పుడు వేదికెక్కాను.

“ఏమమ్మా, పరుగుల రాణి నడిచొస్తోందే?” అన్నారు మంత్రిగారు. దండ వేశారు. ఉపన్యాసం మొదలైంది. గది ముందు పిల్లల వరుస కనిపిస్తూనే ఉంది. ఎంతసేపు చూసినా అది ముందుకు జరగడం లేదు. ఉపన్యాసం సగంలో వదిలేసి, దండతోనే దిగి వెళ్ళాను.

“ఏమైంది?”

“లోపలెవరో ఉండారక్కా. గడియేసుకున్నారు.”

తలుపు బాదాను.

“ఉండమ్మా, వస్తా ఉండా!” అంది లోపలినుంచి ఒక మగ గొంతు.

కాసేపటికి గడియ తీసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వార్డు అధ్యక్షుడు బయటికొచ్చాడు. నన్ను చూసి చేతులు జోడించాడు.

“మంత్రిగారి కోసరం పొద్దున్నించి ఆపుకొని ఉండానక్కా. గది బలే కట్టించినారు. గడియ కూడా బాగా కూర్చునింది.”

పిల్లలు చున్నీలు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

“బయట గొళ్ళెం ఇంకా బాగా కూర్చుంది,” అన్నాను. “ఇంకోసారి మీరు లోపల కనిపించారంటే తాళం నేనే వేసి ఇంటికెళ్ళిపోతా.”