రెండు ఔన్సుల ధనకోటి

బాక్సింగ్ పందేల్లో ఒక అన్యాయం ఉంది. చిన్న ఒళ్ళవాళ్ళు ముందు కొట్టుకోవాలి, పెద్ద ఒళ్ళవాళ్ళు చివర. ముందు కొట్టుకునేవాళ్ళను ఎవరూ చూడరు. జనం అప్పుడే లోపలికి వస్తుంటారు, నా కుర్చీలో నువ్వెందుకు కూర్చున్నావని తగవు పడుతుంటారు, వేరుశనక్కాయల పొట్లం విప్పుతుంటారు. ఆఖరున ఇద్దరు భారీ మనుషులు ఎక్కి, ఒకరిమీద ఒకరు వాలిపోయి రొప్పుతుంటే మాత్రం డేరా ఎగిరిపోయేలా ఈలలు. పొదటూరుపేట ధనకోటి తొమ్మిదేళ్ళు ఇలా ముందు కొట్టుకున్నాడు. నిండిన డేరాను చూడాలంటే అతను గ్లౌజులు విప్పేసి, చొక్కా తొడుక్కుని, జనంలో నిలబడి చూడవలసిందే.

ధనకోటి నేతగాడు. గుంటమగ్గంలో కూర్చున్నవాడికి కాళ్ళు కింద ఒక పని చేస్తాయి, చేతులు పైన మరో పని చేస్తాయి, రెండూ తప్పకుండా కలవాలి. ఆ కలయికే అతన్ని బాక్సర్ని చేసిందని నటరాజు వాద్యారు అనేవాడు. ఆట నేర్పే గురువు కనక అందరికీ వాద్యారు, తిరువళ్ళూరులో పందేలు కూడా నడిపేవాడు. వయసులో బెంగుళూరు దండులో వంటపని చేస్తూ, తెల్ల సిపాయిల ఆట చూసి నేర్చుకున్నాడు. ఓసారి సంతలో చీరల మూట మోసుకుని జనం మధ్య ఎవరికీ తగలకుండా పోతున్న ధనకోటిని చూసి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏరా, నీ కాళ్ళు చెప్పినట్టు వింటాయే. యాడ నేర్చుకున్నావు?"

"గుంటలో, అయ్యా" అన్నాడు ధనకోటి. వాద్యారికి ఆ జవాబు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

అతనిది బాంటమ్ తరగతి. అంటే నూట పద్దెనిమిది పౌండ్లకు మించకూడదు. దాని పైది ఫెదర్, నూట ఇరవయ్యారు. ఎనిమిది పౌండ్లేగా అనుకుంటారు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు. ఆ ఎనిమిదీ ఎదుటివాడి పిడికిట్లోంచి వచ్చి దవడకు తగిలితే గాని సంగతి తెలియదు. ధనకోటి మామూలుగా నూట ఇరవై దాటి ఉండేవాడు. అందుకని పందేనికి వారం ముందునుంచి సంగటి ముద్ద సగమయ్యేది, మజ్జిగ మానేసేవాడు, కంబళి కప్పుకుని ఎండలో పరుగెత్తేవాడు. గుక్కెడు నీళ్ళు ఎంత తూగుతాయో అతనికి తెలిసినంతగా అంగడివాడికి కూడా తెలియదు. కాటా ఎక్కినప్పుడల్లా కళ్ళు మూసుకుని, తేలిగ్గా చూపించు తల్లీ అని దండం పెట్టుకునేవాడు.

పెళ్ళాం మునిలక్ష్మి అతని అక్క కూతురే. మొదటి ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారు. మూడోవాడు ఏడో నెలలోనే పుట్టాడు. మంత్రసాని వాణ్ణి అరచేతిలో పెట్టుకుని చూసి, వీశెడు, అంటే మూడు పౌండ్లు కూడా లేడని పెదవి విరిచింది. రాట్నం కోసం తెచ్చిన దూదిలో చుట్టి ఉంచారు వాణ్ణి. మునిలక్ష్మి తిరుత్తణి కొండవైపు తిరిగి మొక్కుకుంది. బిడ్డ నిలబడితే, వచ్చే ఏటి ఆడికృత్తిక పండక్కి తండ్రి తల వెంట్రుకలన్నీ ఇస్తాం, అంతవరకూ కత్తెర తగలనివ్వం, బిడ్డ ఎత్తు బెల్లం తూచి ఇస్తాం అని. వాడికి షణ్ముగం అని పేరు పెట్టారు. వాడు నిలబడ్డాడు. అప్పటికే మెడమీదున్న ధనకోటి జుట్టు భుజాలు దాటింది. పందెంలో దాన్ని పడుగు దారంతో ముడి వేసుకుని కొట్టేవాడు. జనం "ఏమక్కా, బాగుండావా?" అని కేకలేసేవాళ్ళు. నవ్వి ఊరుకునేవాడు, ఎందుకంటే ఇంట్లో బిడ్డ పాలు తాగుతున్నాడు.

1938 ఆడికృత్తికకు రెండు రోజుల ముందు, ఆదివారం, తిరువళ్ళూరులో పెద్ద పందెం పెట్టారు. బాంటమ్‌లో గెలిచినవాడు మద్రాసులో వెండి బిళ్ళ నడుంపట్టీ కోసం కొట్టడానికి పోవచ్చు. ఎదుటివాడు రాయపురం కుర్రాడు. వాణ్ణి ధనకోటి అంతకుముందే రెండుసార్లు ఓడించాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి గోడ కాగితం మీద అతని పేరు మనిషి చదవగలిగినంత లావుగా అచ్చేశారు. ముందుగా చెప్పేస్తున్నాను, ఆ పట్టీ ఇతని నడుముకు ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాలేదో అదే నా కథ.

పందెం కాగానే అక్కణ్ణుంచే తిరుత్తణికి పోవచ్చని పెళ్ళాన్నీ బిడ్డనీ వెంటబెట్టుకుని శనివారమే వచ్చి వాద్యారింట్లో దిగాడు. ఆదివారం తెల్లారగట్లే మునిలక్ష్మి అతనికి సీకాయతో తలంటి పోసింది. మంచి పనికి పోయే మనిషిని తలకు పోయకుండా ఎలా పంపుతుంది? జుట్టు తడిగా ఉండగానే ముడి వేసుకుని, వేరుశనగ మండీలో ఉన్న కాటా దగ్గరకు పోయాడు ధనకోటి.

కాటా ఎక్కి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అర పౌండు ఎక్కువ.

గంట గడువిచ్చారు. వాద్యారు ముడి తాకి చూసి నెత్తి కొట్టుకున్నాడు. లోపల నీళ్ళు ఇంకా కారుతున్నాయి. జుట్టు విరబోసి, ఎండకు కాలిన బండమీద వెల్లకిలా పడుకోబెట్టారు. తరవాత కంబళి కప్పి గెంతించారు. ఉమ్మి కూడా మిగలని నోటితో ధనకోటి మళ్ళీ వచ్చి, గోనెసంచి చాటున గోచీ కూడా విప్పేసి ఎక్కాడు. రెండు ఔన్సులు ఎక్కువ. ఇంకో పావుగంటే ఉంది.

వాద్యారు మండీలో గోనెలు కత్తిరించే కత్తెర తీసుకొచ్చాడు.

"జానెడు చాలురా. మిగిలిందంతా సామికే కదా."

ధనకోటి తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. "వద్దు వాద్యారే."

"తొమ్మిదేండ్లురా! నీకంటే చేతగానోళ్ళు పట్టీలు కట్టుకుని తిరగతా ఉండారు. వాళ్ళు ఒళ్ళు పెంచినారు, నువ్వు పని నేర్చినావు. రెండు ఔన్సులకు పోగొట్టుకుంటావా?"

బిడ్డనెత్తుకుని గుమ్మంలో నిలబడ్డ మునిలక్ష్మి అంతా వింది. తలంటి పోసింది తానే. ఆమె ముఖం చూడలేనట్టుంది.

"కత్తిరించుకో మామా" అంది. "తప్పు నాది. కొండమీద నేనే చెప్పుకుంటా. సామి ఏమీ అనుకోడు."

ధనకోటి భక్తుడేమీ కాదు. ఇంట్లో దీపం పెట్టే పని కూడా పెళ్ళానిదే. అతనిది వట్టి భయం. దూదిలో చుట్టిన వీశెడు మాంసం ఊపిరి తీస్తోందో లేదోనని ఏడు వారాలు చెవి ఆనించి విన్న మనిషికుండే భయం.

"సామి అనుకోడులే" అన్నాడు. "రేపు వీనికి రవంత జొరమొస్తే నేను అనుకుంటా. ఆ జానెడు వెంట్రుకలే కంట్లో ఆడతాయి. ఆ పొద్దు నేను బతకలేను."

ఇక వాద్యారు కత్తెర కింద పెట్టేశాడు. పావుగంట అయిపోయింది. గోడ కాగితం మీద లావుపాటి పేరు స్థానంలో ఇంకెవరి పేరో చెప్పారు.

మధ్యాహ్నానికి మరో కబురు వచ్చింది. ఫెదర్‌లో మద్రాసు జయరామతో కొట్టవలసిన మనిషికి రైలు తప్పిపోయింది. జయరామ ఆ తరగతిలో పేరున్నవాడు, నిండుగా నూట ఇరవయ్యారు పౌండ్లు. వాద్యారు నసుగుతూ అడిగాడు. ధనకోటి అప్పటికి నాలుగు ముద్దల సంగటి తిని ఉన్నాడు.

"కొడతా" అన్నాడు. "ఇంత దూరమొచ్చి ఊరికే పోయేదేముంది?"

ఫెదర్ వంతు వచ్చేసరికి డేరా మూడొంతులు నిండింది. అంతమంది మధ్య అతను బరి తాళ్ళలోకి దూరడం అదే మొదలు. "అక్కా!" అని కేకలు లేచాయి. మొదటి రెండు రౌండ్లూ జయరామ గుద్దులు గాలికే పోయాయి, ధనకోటి కాళ్ళు మగ్గం తొక్కుతున్నట్టు లెక్క తప్పకుండా కదిలాయి. మూడో రౌండులో ఒకటి తగిలింది. దారం తెగి జుట్టు కళ్ళమీద పడింది, ఆ చీకట్లోనే రెండోది కూడా తగిలింది. కింద పడ్డాడు. ఆరు లెక్కపెట్టాక లేచాడు. జుట్టు పళ్ళతో కరిచి పట్టుకుని మిగతా మూడు రౌండ్లూ కొట్టాడు. ఆఖరి రౌండులో జయరామ ముక్కునుంచి రక్తం వచ్చింది, కేకలు వేసినవాళ్ళు కుర్చీల అంచులకు జరిగారు, అక్కా అన్నవాడు లేడు. గెలుపు మాత్రం జయరామకే ఇచ్చారు. న్యాయంగానే ఇచ్చారు, రెండు గుద్దుల తేడాతో.

జయరామ వచ్చి అతని గ్లౌజు పట్టుకున్నాడు. "అన్నా, నీ బరువెంత?"

"బాంటమ్‌కు రెండు ఔన్సులు ఎక్కువ" అన్నాడు ధనకోటి.

జయరామ నవ్వలేదు. ఆ చెయ్యి పట్టుకునే తాళ్ళ దాకా తీసుకుపోయి, తాడు పైకెత్తి, ముందు అతన్ని దింపాడు.

మంగళవారం తిరుత్తణి మెట్లనిండా కావళ్ళు, హరోం హరా అని కేకలు. గుండు గీసే మంగలి ధనకోటి జుట్టు దించుతూ నాలుగుచోట్ల కత్తి ఆపాడు.

"ఎవురు ఇట్ల కొట్టినారన్నా? ఎంతమంది?"

"ఒకడే. మంచోడే పాపం."

షణ్ముగానికి కూడా గుండు గీశారు. తండ్రీ కొడుకూ చందనం పూసుకున్న రెండు గుండ్లతో తులాభారం దగ్గరకు వచ్చారు. ఒక తట్టలో వాణ్ణి కూర్చోబెట్టారు. రెండో తట్టలో బెల్లం అచ్చులు పెట్టడం మొదలుపెట్టాడు అక్కడి మనిషి.

కాటా చూడగానే ధనకోటికి పాత అలవాటు చొప్పున కళ్ళు మూతపడ్డాయి. పెదవులమీద పాత మాటే వచ్చింది, తేలిగ్గా చూపించు అని. అంతలో ఏం అడుగుతున్నాడో తెలిసివచ్చింది. గబుక్కున కళ్ళు తెరిచాడు.

ఒక వీశె బెల్లం పడింది. తట్ట లేవలేదు. రెండు, మూడు. వాడు తట్ట అంచు పట్టుకుని, బెల్లం వైపు చెయ్యి చాపుతూ నవ్వుతున్నాడు. నాలుగు. మునిలక్ష్మి మొగుడి చెయ్యి పట్టుకుంది. అయిదో వీశెకు తట్టలు సమంగా నిలబడ్డాయి, ఆ మనిషి చేతులు దులుపుకున్నాడు.

ధనకోటి చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు, అయినా కళ్ళు ఆగలేదు.

"సరిగా చూడు సామీ" అన్నాడు. "ఇంకో రెండు ఔన్సులు ఉంటాడు."