అత్త కాలి తాళం

అమెరికాలో లూసియానాలోని బసీల్ ఊళ్లో యూలిస్ అక్కడి ఫ్రెంచి మాట్లాడే కేజన్ జనాల పాత పాటల రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించి కుర్రకారుకు వినిపిస్తుంటాడు. ఇవాళ ప్లేయర్ మీద ఉన్నది యూలిస్ వాళ్ల నాన్న పాడిన పాట; ఆయన ఇప్పుడు లేడు. రికార్డు పైపూత పెచ్చులూడుతోంది, ముల్లు కింద ఒక్కసారి తిరిగిందంటే మళ్లీ పనికిరాదు. ఇంట్లో చెక్క నేల. పాట వినబడితే మేనత్త ఓలీట్ కాలు తాళం వెయ్యకుండా ఊరుకోదు. నేల అదిరితే ముల్లు ఎగిరిపోతుంది.

“అత్తా, కాళ్లు మంచం మీద పెట్టు.”

“నన్నేం గుర్రం అనుకున్నావురా?”

“గుర్రమైతే చెప్పిన మాట వినేది.”

ముల్లు దిగింది. అత్త మోకాళ్లు కావలించుకుని పెదవి కొరుక్కుంటోంది. నాన్న గొంతు లేచింది, దాని వెనకే దబ్ దబ్‌మని చప్పుడు. యూలిస్ కోపంగా వెనక్కి తిరిగాడు. అత్త కాళ్లు మంచం మీదే ఉన్నాయి.

పాట చివరిదాకా వచ్చాకే ఆవిడ నోరు విప్పింది.

“ఆ చప్పుడూ నేనేరా. ఈ పాట రికార్డు చేసినప్పుడు చిన్నపిల్లని. మీ నాన్న కూడా నీలాగే గుడ్లురిమాడు.”