తమ్ముడు వద్దన్న పానకం

నా చిన్నప్పుడు మా ఇంట్లో తీపికి కొదవ ఉండేది కాదు. నాన్నగారు ఏలూరులో పౌరోహిత్యం చేసేవారు. ఏ పూజ నుంచి వచ్చినా సంచిలో బూరెలో, చక్కెర పొంగలో ఉండేవి. నాలుగేళ్ల మా తమ్ముడు మాత్రం వాటిని నోట పెట్టేవాడు కాదు. పురోహితుడి ఇంట పుట్టి ప్రసాదం వద్దంటాడేమిటని నాయనమ్మ నొచ్చుకునేది. వాడిది మొండితనమని అందరం తీర్మానించేశాం.

ఆ శ్రీరామనవమికి పూజ ముగిసేసరికి మధ్యాహ్నమైంది. వాడి చేత పానకం తాగించే పని నాయనమ్మ నాకు అప్పజెప్పింది. పదేళ్లదాన్ని, పెత్తనమంటే మహా ఇష్టం. పెరట్లోకి తీసుకెళ్లి, ముక్కు మూసి, గ్లాసుడూ పోసేశాను. వాడే అడిగి తాగాడని చెప్పి మెప్పు కూడా కొట్టేశాను.

అరగంటలో వాడు వాంతి చేసుకున్నాడు. ఒళ్లు చల్లబడి చెమటలు పట్టాయి. పిలిస్తే పలకలేదు. ఎండకీ ఆకలికీ సొమ్మసిల్లాడనుకుని అమ్మ పంచదార నీళ్లు కలిపి తెచ్చింది. నేను భయంతో నోరు మెదపలేదు.

ఏడుపులు విని పక్కింటి టైలరు గారు పరుగెత్తుకొచ్చారు. వాళ్లు ముస్లింలు. తమ్ముడు రోజూ వాళ్ల అరుగు మీదే ఆడుకునేవాడు గాని, అక్కడ ఏమీ తినకూడదని నాయనమ్మ కట్టడి. ఎన్నడూ మా గుమ్మం దాటని ఆయన లోపలికొచ్చి గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టారు.

"తీపి పొయ్యకండమ్మా. మొన్న పండక్కి మా ఇంట్లో సేమియా పెట్టానండి. వద్దంటే బతిమాలి తినిపించాను. ఇలాగే అయిపోయాడు, కక్కుకున్నాక కాసేపటికి తేరుకున్నాడు. మీరేమంటారోనని చెప్పలేదండి. తప్పు నాదే."

నేను ఏడుస్తూ, వాడు తాగనంటే ముక్కు మూసి పోశానని చెప్పేశాను. నాన్నగారు తమ్ముణ్ణి భుజాన వేసుకుని రిక్షా ఎక్కారు. టైలరు గారూ వెంట వెళ్లారు. ఆస్పత్రిలో నరానికి గ్లూకోజు ఎక్కిస్తే సాయంత్రానికి కళ్లు తెరిచాడు. అయినా ఆ తర్వాత నాయనమ్మ మమ్మల్ని ఆ అరుగు ఎక్కనివ్వలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అసలు జబ్బేమిటో చాలా ఏళ్లకు తెలిసింది. బెల్లంలో, పంచదారలో, పళ్లలో ఉండే ఫ్రక్టోజు అనే చక్కెరను వాడి కాలేయం అరిగించుకోలేదట. ఆస్పత్రిలో ఎక్కించిన గ్లూకోజు వేరు, అది వాడికి పడుతుంది. అందుకు కావలసిన జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్నగారి నుంచి ఒకటి రావాలి. వాడికి రెండూ లోపంతోనే వచ్చాయి. అమ్మానాన్నలది మేనరికం. వాళ్లిద్దరికీ తలా ఒక మంచి జన్యువు ఉండబట్టి ఏమీ కాలేదు. మేం మొండితనమనుకున్నదే వాణ్ణి అన్నాళ్లూ బతికించింది.

మొన్న తాడేపల్లిగూడెంలో మా అబ్బాయి ఇంట్లో, తమ్ముడి కొడుకు కొడుక్కి నా కొడుకు కూతుర్ని ఇద్దామన్న మాట వచ్చింది. జబ్బు సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు. ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉండొచ్చు, ముందు పిల్లలిద్దరికీ జన్యు పరీక్ష చేయించమని నేనే అన్నాను. చక్కటి సంబంధం చెడగొడుతున్నానని మా అబ్బాయి కోప్పడ్డాడు. కోడలు లేచి వెళ్లిపోయింది.

ఆనాడు మా నట్టింట్లో నిలబడి తప్పు తనదేనని చెబుతున్నప్పుడు టైలరు గారి గొంతు వణికింది. మొన్న నా గొంతూ వణికింది. అయినా చివరిదాకా చెప్పాను.