బసవయ్య గారి అతుకులు

వినికిడికి బసవయ్య గారు పెట్టింది పేరు. అవనిగడ్డ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో లైన్‌మన్‌గా చేసిన రోజుల్లో రిసీవరు చెవికి ఆనించి, ఆ గరగర విని, "మోపిదేవి దాటాక మూడో స్తంభం, నీళ్ళు దిగాయి" అని తేల్చేసేవాడు. వెళ్ళి చూస్తే అంతే! కాన్పు కబుర్లు, పెళ్ళి కబుర్లు, పోయినవాళ్ళ కబుర్లు అన్నీ ఆయన అతికిన రాగి తీగల మీదుగానే దివిసీమకు చేరాయి.

రిటైరయ్యాక గాజుతీగ పని, అదే ఆప్టికల్ ఫైబర్ అతకడం, నేర్చుకున్నాడు. నాగాయలంక దగ్గర సముద్రం మీద పరిశోధన చేసే స్టేషనొకటి ఉంది. అక్కడి యంత్రాలు రోజూ పోగుచేసే డేటా వందల సినిమాలంత. అదంతా గుడివాడ దగ్గరి కాలేజీ ల్యాబుకు నిమిషాల్లో చేరాలని లైను వేశారు. దారి పొడుగునా పద్నాలుగు అతుకులు, అన్నీ బసవయ్య చేతివే. తర్వాత ల్యాబులోనే లైను చూసుకునే పనికి ఉంచారు. వెలితి ఒక్కటే. గాజుతీగలో వెలుతురు పోతుంది, చప్పుడుండదు. చెవి పెట్టి వినడానికి ఏముంది, నా మొహం!

దసరా సెలవులయ్యి ల్యాబు తెరిచేసరికి లైను మొరాయించింది. ఫోన్లు బాగానే మోగుతున్నాయి, పెద్ద ఫైళ్ళు మాత్రం సగంలో చతికిలబడుతున్నాయి. ల్యాబు ఇంజనీరు అనూష మొహమాటపడుతూనే చెప్పింది.

"బసవయ్య గారూ, లైను వేసిన కంపెనీవాళ్ళకి అతుకుల మీదే అనుమానమండీ. రేపు అన్నీ తవ్వి, కోసి, కొత్తగా వేస్తారట."

"నా అతుకులా? వాటిని కోస్తే నా చేతులు కోసినట్టేనమ్మా!"

విసురుగా లైను కొసలు గుచ్చి ఉండే ఇనప బీరువా దగ్గరికి వెళ్ళాడు. తలుపు మీద పండగనాటి బొట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఎక్స్ఛేంజీలో ఆయుధపూజ రోజున తీగలన్నీ తుడిచి, దేనికదే బొట్టు పెట్టడం ఆయనకు ముప్పై ఏళ్ళ అలవాటు. ల్యాబులో ఈ తొలి దసరాకీ అంతే. గాజుతీగల కొసలు పీకి, కండువాతో తుడిచి, బొట్లు పెట్టి, ఆ కుంకం చేత్తోనే మళ్ళీ గుచ్చాడు.

ఆ కుంకం కొసలకే అంటుకుని ఉంటుందని అప్పుడు తట్టింది. చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అతుకులు పోతాయి. పెద్దగా ఆలోచించలేదాయన.

"అమ్మా, ఆ కొసలు చూడు. పండగనాడు పీకి బొట్లు పెట్టింది నేనే. నన్ను తీసేయండి, అతుకుల్ని మాత్రం ముట్టుకోకండి."

అనూష కొసను సూక్ష్మదర్శిని కింద పెట్టింది. వెంట్రుకంత గాజు మీద ఎర్రెర్రని రేణువులు! నవ్వు బిగపట్టుకుని, స్పిరిట్‌తో తుడిచి గుచ్చింది. ఇద్దరూ టీ తాగడం పూర్తయ్యేలోపు పొద్దుటి సముద్రమంతా ల్యాబులోకి వచ్చేసింది. కంపెనీకి ఫోను చేసి, తవ్వక్కర్లేదని చెప్పి, బసవయ్య వైపు తిరిగింది.

"మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు. కొసల జోలికి మాత్రం పోకండి బాబూ!"

మరుసటేడు దసరాకి కుంకం భరిణె ఆమే తెచ్చి ఇచ్చింది. "తలుపుకే, పైపైన!"

బొట్టు పెట్టి తలుపు తెరిచాడు బసవయ్య. లోపల లైను మ్యాపు కొత్తగా అతికించి ఉంది. పద్నాలుగు చోట్లా అనూష చేతిరాత: 'బసవయ్య గారి అతుకు. తవ్వరాదు.' పద్నాలుగూ చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, తలుపు మూసి దానికి చెవి ఆనించాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అయినా చాలాసేపు వింటూ నిలబడ్డాడు.