బెండ జిగురు

బెండకాయలు తరుగుతుంటే కత్తికి జిగురు సాగింది. నా చిన్నప్పుడు బోధన్ దగ్గర ఉన్న మా చెరుకు గానుగ కళ్లలో మెదిలింది.

పొగలో, తియ్యటి ఆవిరిలో లోకమంతా కలలా కనిపించేది. ఓ రోజు పెద్ద కడాయిలో రసం కాగుతోంది. ఏడాదంతా మా ఇంట్లో తీపంటే ఆ బెల్లమే. మా నాన్న, మా బాపు, బెండ కాడలు దంచి, ఆ జిగురు నీళ్లు రసంలో పోశాడు. కాసేపటికి నల్లటి తెట్టె పొంగుకొచ్చింది.

"బాపూ, బెల్లమంతా ఖరాబు జేస్తివి!" అని ఏడ్చాను.

"పిచ్చిదానా, గా గలీజు ముందుగాలనే రసంల ఉన్నది. జిగురు దాన్ని పట్టుకొని మీదికి తెచ్చింది," అంటూ తెట్టె తీసి పారేశాడు.

"మరి తీపి గూడ మీదికొస్తదా?"

"రాదు బిడ్డా. అది నీళ్లల్ల కరిగిపోయింది. నీళ్లు ఆవిరై పోతెనే తీపి మిగుల్తది."

నేను నమ్మలేదు. తీపి ఎక్కడ ఎగిరిపోతుందోనని ఆవిరికి కాపలా కూర్చున్నాను. రసం మెల్లగా బంగారు రంగు తిరిగి చిక్కబడింది. బాపు వేడి బెల్లం మోదుగాకులో పెట్టి నా చేతికిచ్చాడు.

ముసలిదాన్నయ్యాక అక్షరాలు నేర్చుకుని, మొన్న మనవరాలి సైన్సు పుస్తకంలో మిశ్రమాలను వేరుచేసే పాఠం కూడబలుక్కుని చదివాను. బాపు లేడు, గానుగా లేదు. చదువుతుంటే నోరు మాత్రం తియ్యనైంది.