మామయ్యగారికి నది చూపించబోయి

నదిలో మునిగినవాళ్ళ కథలు మీరు చాలా విని ఉంటారు. చుక్క నీరు లేని నదిలో నిలువునా మునిగినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. అదీ ఎవరో తోస్తే కాదు. ఐదు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళి, పక్క సీట్లో పిల్లనిచ్చిన మామగారిని కూర్చోబెట్టుకుని మరీ మునిగాను. తప్పు పూర్తిగా నాదే. కాకపోతే నాలుగేళ్ళ కిందటి నాది. ఆ మనిషికీ ఇప్పటి నాకూ పోలిక మీసాల వరకే అని మనవి.

మేముండేది టెక్సాస్‌లో, ప్లేనోలో. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే పదిమంది చూసి కూడా చూడకుండా వదిలేసినదాన్ని పట్టుకోవడమే నా పని. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది. పుట్టింది అనంతపురం జిల్లాలో, పెన్న ఒడ్డున. ఒడ్డు అన్నానని నీళ్ళు ఊహించుకోకండి. మా చిన్నప్పుడు ఏట్లో క్రికెట్ ఆడేవాళ్ళం. దాహమేస్తే ఇసుకలో చెలమ తవ్వుకుని తాగేవాళ్ళం.

నా భార్య హారికది ధవళేశ్వరం. వాళ్ళ నాన్నగారు గోదారి గట్టున పుట్టి, ఆ గట్టుకి దగ్గర్లోనే ఎరువుల కొట్టు నడిపి, ఈమధ్యే కొట్టు అమ్మేసి తీరిగ్గా ఉంటున్న మనిషి. రోజూ పొద్దున్నే వెళ్ళి గోదారిని చూసొస్తేగానీ కాఫీ ముట్టరు. పెళ్ళయిన కొత్తలో మా ఊరొచ్చి పెన్నని చూసి, "నది ఎక్కడండీ?" అని అడిగారు. ఆయన అప్పటికి నదిలోనే నిలబడి ఉన్నారు. ఆ మాట నా గుండెలో చేపముల్లులా అలాగే ఉండిపోయింది.

హారికకి మార్చిలో డెలివరీ అన్నారు. మా అమ్మకి వీసా ఇంటర్వ్యూ తేదీ దొరకలేదు. అందుకని అత్తయ్యగారూ మామయ్యగారూ నవంబర్‌లోనే దిగారు. అత్తయ్యగారు వచ్చిన రోజే వంటింటిని తన అధీనంలోకి తీసుకున్నారు. చిక్కంతా మామయ్యగారితోనే. పొద్దున్నే చూడ్డానికి ఆయనకి నది కావాలి. మా కాలనీలో వాననీళ్ళ గుంట ఒకటుంది, మధ్యలో ఫౌంటెన్, చుట్టూ నాలుగు బాతులు. ఆయన రోజూ దాని దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, పరాయి ఊళ్ళో బంధువుల కోసం వెతుక్కునేవాడిలా చూసి వెనక్కి వచ్చేవారు.

నేనూ ఊరుకోలేదు. పెద్ద సరస్సుకి తీసుకెళ్తే చెరువన్నారు. డాలస్ మధ్యలో పారే ట్రినిటీ నదిని, దాని మీద ఆకాశాన్నంటే తెల్లటి వంతెననీ చూపించాను. వంతెనని కిందనుంచి పైదాకా చూశారు. తర్వాత నదిని చూశారు. "దీన్ని మావైపు చేలకి నీళ్ళు పెట్టే బోదె అంటామండి. బోదెకి ఇంత వంతెన ఎందుకండి?" అన్నారు. ఆ వంతెన నేను కట్టించినట్టు నాకు మొహం మాడిపోయింది.

జనవరి మొదట్లో ఒక రాత్రి భోజనాల దగ్గర, టికెట్లు ముందుకి జరపమని మెల్లగా అడిగారు. ఇక్కడ ఊపిరాడటం లేదట. ఆయనకి బీపీ మాత్రలు గుర్తుచేసి వేయించే మనిషి అత్తయ్యగారే, కాబట్టి ఆయన వెళ్తే ఆవిడా వెళ్ళాల్సిందే. గదిలోకి వచ్చాక హారిక, "అమ్మ లేకుండా నా వల్ల కాదు. ఏం చేస్తావో చెయ్, నాన్నని ఆపు" అని దుప్పటి ముసుగేసుకుంది.

అప్పుడు నా బుర్రలో శాన్ ఆంటోనియో వెలిగింది. ఊరి నడిమధ్యనుంచి నది. దానికి అటూ ఇటూ నడిచే దారులు, రాతి వంతెనలు, హోటళ్ళ గొడుగులు, రంగుల పడవలు. మర్నాడు పొద్దున మామయ్యగారి ముందు నిలబడి పందెం కాసినంత పని చేశాను. "ఒక్క నది చూపిస్తాను మామయ్యగారూ. నచ్చకపోతే సోమవారం పొద్దున్నే మీ టికెట్లు మార్చేస్తా" అన్నాను. ఆయన సరేనన్నారు. హారిక వంటింటి గుమ్మంలోంచి నా వైపు చూసిన చూపులో ఎంత ఆశ ఉందో ఇప్పటికీ గుర్తే.

ఇక నా ఏర్పాట్లు చూడండి. దారిలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ టీ తాగాలో, పడవలో ఏ వైపు కూర్చుంటే ఎండ పడదో, అన్నీ చూసుకున్నాను. ఆ వారం హోటల్ గదులు ఆశ్చర్యంగా చవక. ఎందుకు చవకో అడగాలని తోచలేదు, నా అదృష్టమనుకున్నాను. నది వెబ్‌సైట్ తెరిచినప్పుడల్లా పైన పసుపురంగు పట్టీ ఒకటి అడ్డం వచ్చేది. కుకీల గొడవేదో అనుకుని మూసేసేవాణ్ణి. ఫోన్‌లో మూశాను, లాప్‌టాప్‌లో మూశాను, ఆఫీసులో లంచ్ టైములో తెరిచి అక్కడా మూశాను. చదవకుండా మూయడంలో నాకున్న శ్రద్ధ మా టీమ్‌లో ఎవరికీ లేదు.

శనివారం తెల్లవారుతూనే ఇద్దరం బయల్దేరాం. అత్తయ్యగారు పులిహోర, పెరుగన్నం కట్టిచ్చారు. ఐదు గంటలూ నేను నదిని పొగుడుతూనే ఉన్నాను. ఆయన "చూద్దారండి" అంటూనే ఉన్నారు. మధ్యలో గోదారికి వరదొచ్చిన ఒక సంవత్సరం గురించి మొదలుపెట్టి, రెండు ఊళ్ళు దాటేదాకా ఆ వరద తగ్గనివ్వలేదు.

ఆ ఊళ్ళో నది వీధికన్నా కింద ఉంటుంది. మెట్లు దిగాలి. మెట్ల దగ్గరికి రాగానే నాకు నాటకం చేయాలనిపించింది. "మామయ్యగారూ, కళ్ళు మూసుకోండి. నేను చెప్పినప్పుడే తెరవాలి" అన్నాను. పెద్దాయన నవ్వి, చిన్నపిల్లాడిలా కళ్ళు మూసుకుని చెయ్యి నా చేతికిచ్చారు. ఒక్కో మెట్టే దింపుకుంటూ చివరి మెట్టు దాకా తీసుకొచ్చి, అప్పుడు నేను నది వైపు చూశాను.

నది లేదు. అంటే నది ఉండాల్సిన గాడి ఉంది, గోడలున్నాయి, వంతెనలున్నాయి. నీళ్ళు మాత్రం లేవు. అడుగంతా నల్లటి బురద. బురదలో ఒక ఇనప కుర్చీ, నాలుగు చెంచాలు, లెక్కలేనన్ని చలవ కళ్ళజోళ్ళు. నారింజ రంగు చొక్కాల మనుషులు మోకాటి బూట్లేసుకుని పారలతో తిరుగుతున్నారు. గట్టున ఒక బోర్డు, దాని మీద నాకు బాగా పరిచయమైన పసుపు రంగులో: శుభ్రం చేయడానికి నదిని ఖాళీ చేశాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం.

"యాడికి పోయినాయబ్బా నీళ్ళు" అని నా నోట్లోంచి అనంతపురం దానంతటదే వచ్చేసింది.

"తెరవమంటారా?" అన్నారు మామయ్యగారు.

"ఇంకొక్క నిమిషం" అన్నాను.

ఆ నిమిషంలో నేనేం ఆలోచించానో చెబితే మీకు నా మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోతుంది. ఆయన్ని అలాగే కళ్ళు మూయించి, మెట్లెక్కించి, కారెక్కించి, నీళ్ళున్న ఇంకో ఊరికి తీసుకెళ్దామా అని చూశాను. దగ్గర్లో నది కోసం ఒంటిచేత్తో ఫోన్‌లో వెతికాను. అది ఈ నదే దగ్గరని చెప్పింది. దారిన పోయే ఒక జంట, కళ్ళు మూసుకున్న పెద్దాయన్నీ ఆయన చెయ్యి పట్టుకుని చెమటలు కక్కుతున్న నన్నూ చూసి పక్కకి తప్పుకుని వెళ్ళారు.

మామయ్యగారు ముక్కు ఎగబీల్చారు. "బురద వాసనండి" అన్నారు. మళ్ళీ ఎగబీల్చి, నా అనుమతి లేకుండానే కళ్ళు తెరిచారు.

ఆ చివరనుంచి ఈ చివరిదాకా బురదని చూశారు. సోమవారం, టికెట్లు, దుప్పటి ముసుగులో హారిక, అన్నీ వరసగా నా కళ్ళముందు తిరిగాయి. పెన్న దగ్గర అడిగిన ప్రశ్నే ఇక్కడా అడుగుతారని పళ్ళు బిగించుకుని నిలబడ్డాను.

"కాలవ కట్టేశారండీ" అన్నారాయన.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పెళ్ళిలో కూడా వినలేదు. మొహం చూస్తే పదేళ్ళ కుర్రాడిలా ఉంది. అప్పుడు చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళవైపు ప్రతి వేసవిలోనూ పంట కాలవలకి నీళ్ళు ఆపేస్తారట. దాన్నే కాలవ కట్టేయడమంటారట. అప్పుడు పూడిక తీస్తారు, నీళ్ళని ఆపే లాకుల తలుపులు బాగుచేస్తారు, ఊళ్ళో పిల్లలంతా బురదలో దిగి మట్టగిడస చేపలు పడతారు. ఏడాది మొత్తంలో ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైన రోజులు అవేనట. గోదారి గురించి ఇన్నాళ్ళూ ఇంత మాట్లాడిన మనిషి, ఈ ముక్క మాత్రం నాకెప్పుడూ చెప్పలేదు.

"మరి మా పెన్న కూడా ఖాళీయే కదా మామయ్యగారూ" అన్నాను, ఉండబట్టలేక.

"అది ఎండిపోవడవండి. ఇది కట్టేయడం. తేడా లేదా?" అన్నారు, బురదమీంచి చూపు తిప్పకుండానే.

మీరే చెప్పండి, ఇలాంటి మనిషితో ఏం చేయాలి?

సాయంత్రం దాకా ఆయన ఆ గట్టు వదల్లేదు. పార పట్టుకున్న ఒకాయనతో, తనకి రాని ఇంగ్లీషులో, ఆయనకి రాని తెలుగులో, చేతులతో పూడిక లోతు గురించి మాట్లాడారు. ఇద్దరికీ చక్కగా అర్థమైంది. మధ్యలో నిలబడ్డ నాకే ఏమీ అర్థం కాలేదు. పులిహోర గట్టుమీదే తిన్నాం, ఆ వాసనలోనే. భోజనానికి నేను ముందే చూసిపెట్టిన గొడుగుల హోటల్ వైపు ఆయన కన్నెత్తి చూడలేదు.

హారిక ఫోన్ చేసింది. నది ఎలా ఉందని అడిగింది.

"లోతు బాగా కనిపిస్తోంది" అన్నాను. అబద్ధం కాదు కదా.

ఫొటో పెట్టమంది. నదికి వీపు పెట్టి, మామయ్యగారి మొహం మాత్రమే వచ్చేలా తీసి పంపాను. కాసేపటికి మళ్ళీ చేసింది. "నాన్న ఇలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. థాంక్స్ రా" అంది. వీడియో కాల్ చేయమంటుందేమోనని వెంటనే ఫోన్ పెట్టేశాను.

మర్నాడు తిరుగు ప్రయాణంలో టికెట్ల సంగతి నేనే కదిపాను. ఆయన నన్ను వింతగా చూశారు. "నీళ్ళు వదలకుండా ఎలా వెళ్తామండీ? శుక్రవారం వదుల్తారంట, ఆ బూట్లాయన చెప్పాడు" అన్నారు. అంటే వచ్చే శనివారం మళ్ళీ ఐదు గంటలు. అటు ఐదు, ఇటు ఐదు. నేను స్టీరింగ్‌కి తల ఆనించాలనుకున్నాను గానీ హైవే మీద ఉన్నాను.

మళ్ళీ శనివారం వెళ్ళాం. ఈసారి నీళ్ళున్నాయి. నిండుగా, పచ్చగా, వంతెనల నీడలు తేలుతూ, రంగుల పడవలు తిరుగుతూ, నేను మొదట కలగన్నట్టే ఉంది. నాకు ఛాతీ పొంగింది. పడవెక్కించాను. ఎండ పడని వైపే కూర్చోబెట్టాను. ఈ అనంతపురం వాడు చివరికి ఒక గోదారి మనిషికి నది చూపించాడని, ఆయన నోటివెంట ఆ ఒక్క ముక్క వినడం కోసం, మెడ చాచి ఎదురుచూశాను.

పడవ ఆ చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. మామయ్యగారు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, నీళ్ళ వంక ఒకసారి చూశారు.

"ఖాళీగా ఉన్నప్పుడే బాగుందండి" అన్నారు. "మళ్ళీ ఎప్పుడు కడతారో కనుక్కోండి. అందాకా ఉంటాం."

కనుక్కున్నాను. వచ్చే ఏడాదో, ఆ పై ఏడాదో అన్నారు. మామయ్యగారు సంతోషంగా తలూపి, వీసా పొడిగించడానికి ఏమేం కావాలో అడిగారు. పాప మార్చిలో పుట్టింది, అమ్మమ్మ చేతుల్లోనే పెరిగింది, హారిక హాయిగా ఉంది. కోరుకున్నది దొరికింది కాబట్టి నేను కూడా హాయిగానే ఉండాలి. కానీ ఆ ఏడాది సోఫాలో నా చోటు పోయింది, టీవీ రిమోట్ పోయింది. రోజూ రాత్రి అన్నం తింటూ కాలవ లాకుల నిర్మాణం గురించి విన్నాను.

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా, మా పెన్న ఇసుక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ పసుపు పట్టీనీ చదవకుండా మూయను. ఎవరినీ కళ్ళు మూసుకోమని మెట్లు దింపను. గోదారి వాళ్ళకి నీళ్ళున్న నది చూపించను, నీళ్ళు లేని నది అసలే చూపించను. వాళ్ళు మరీ పట్టుబడితే వంటింట్లో కొళాయి తిప్పి చూపిస్తాను. అదీ వెంటనే కట్టేస్తాను... కాదు కాదు, కట్టేయను. పొరపాటున కట్టేస్తే, ఇంకో ఏడాది ఉండిపోతారు.