చిటికెనవేలి మీద చివరి పేరా

2023 వేసవి. జగిత్యాలలో నేను గెస్ట్ లెక్చరర్‌గా ఇంగ్లీషు చెప్పే డిగ్రీ కాలేజీలో బ్యాక్‌లాగ్ పిల్లలకు రివిజన్ క్లాసులు నడుస్తున్నాయి. బ్యాక్‌లాగ్ అంటే తప్పి, మళ్లీ రాయాల్సిన పేపరు. ముందు గ్రామర్, తర్వాత వ్యాసం రాయడం, చివరి గంటలో సాహిత్యానికి సంబంధించిన తొలి పాఠాలు. అప్పటికి మా పాపకు ఎనిమిది నెలలు. కోరుట్లలో అత్తమ్మ దగ్గర వదిలి బస్సెక్కేదాన్ని. బోర్డు మీద టెన్సెస్ రాస్తున్నా నా చెవి బల్ల మీది ఫోన్ దగ్గరే ఉండేది.

ఆ క్లాసులో రజిత ఉండేది. సిరిసిల్ల పిల్ల. వాళ్లమ్మ పవర్‌లూమ్ షెడ్డులో నూలు కండెలు చుడుతుంది. రజితకు పుట్టుకతోనే చూపు లేదు. బీఈడీ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది కానీ, మొదటి ఏడాది ఇంగ్లీషు మిగిలిపోయింది. అది గట్టెక్కకపోతే డిగ్రీ చేతికి రాదు, సీటు పోతుంది.

చూపు లేనివాళ్లు చెబుతుంటే రాసిపెట్టే మనిషిని స్క్రైబ్ అంటారు. అభ్యర్థి కన్నా తక్కువ చదివినవాళ్లే ఉండాలి, సొంతంగా ఒక్క మాట కూడా కలపకూడదు. పోయినసారి స్క్రైబ్ ప్రతి మాటకూ ఆగి స్పెల్లింగ్ అడిగిందట. అక్షరాలు చెబుతూ చెబుతూ రజిత వ్యాసం దారి తప్పింది. సగంలోనే గంట కొట్టారు.

ఈసారి పెగడపల్లి నుంచి ఇంటర్ చదివే అఖిల దొరికింది. ఇంగ్లీషంటే భయపడే పిల్ల. క్లాసయ్యాక ఇద్దరినీ కూర్చోబెట్టి అలవాటు చేయించాను.

"అక్కా, జర మెల్లగ చెప్పు. నా చెయ్యేమన్న మెషినా?" అనేది అఖిల.

"మా సిరిసిల్లల పుట్టి ఉంటే నీ చెయ్యి గిట్ల నడుస్తుండెనా? సేటు ఎప్పుడో పనిలకెల్లి తీసేస్తుండె" అనేది రజిత.

మూడో రోజో నాలుగో రోజో, రజిత బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద కదులుతూ ఉండటం గమనించాను. ఏమిటని అడిగాను. చూపుడువేలు మొదటి పేరా అట. దాని మూడు కణుపులు మూడు వాక్యాలు. అలా చిటికెనవేలి దాకా నాలుగు పేరాలు. అఖిల స్పెల్లింగ్ కోసం ఎంతసేపు ఆపినా బొటనవేలు ఆ కణుపు మీదే ఉంటుంది. వాళ్లమ్మ చుట్టిన కండెలు లెక్కపెట్టుకునేది అలాగేనట.

నమ్మలేక, ఉంగరం వేలు రెండో కణుపు మీద ఏముందో చెప్పమన్నాను. కామాతో సహా చెప్పింది. చెప్పి, ఆ వాక్యం బాగాలేదని అక్కడికక్కడే మార్చుకుంది. నేను కాగితం మీద కొట్టేసి తిరగరాసే పనిని ఆమె అరచేతిలో చేస్తోంది.

ఇమేజరీ పాఠం వచ్చింది. మాటలతో మనసులో బొమ్మ కట్టించడం అని చెప్పాను. గైడులోని వ్యాసం ఒకటి చదివి వినిపించాను. నీలాకాశం, పచ్చని పొలం, ఎర్రని సూర్యుడు.

క్లాసయ్యాక రజిత నా దగ్గరికి వచ్చింది. "మేడం, గవన్నీ నేను చూడలే. రాస్తె దొంగమాట అయితది గదా?"

"నీకు తెలిసిందే చెప్పు బిడ్డా. అది కూడా బొమ్మనే" అన్నాను. అన్నానే గాని భయంగానే ఉంది. గైడు వ్యాసమైతే పాస్ మార్కులు ఖాయం. దిద్దేవాళ్లు ఎవరో, ఎలాంటివాళ్లో మనకు తెలియదు.

పరీక్ష రోజు నాకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. సబ్జెక్టు చెప్పేవాళ్లు ఉండకూడదు. వరండాలో నిలబడి ఒకసారి ఇంటికి ఫోన్ చేశాను, ఒకసారి గడియారం చూశాను. అదనపు సమయం కూడా అయిపోయాక ఇద్దరూ బయటికొచ్చారు. అఖిల కళ్లు ఎర్రగా ఉన్నాయి.

వ్యాసానికి వచ్చిన అంశం 'మరిచిపోలేని సాయంత్రం'. రజిత అక్కడే గోడకు ఆనుకుని, కణుపు కణుపునా నాకు మళ్లీ చెప్పింది. చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు. వాటి సారం ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. వీధిలోని సాంచాలన్నీ, అంటే మరమగ్గాలన్నీ, ఒక్కసారిగా ఆగిపోయాయి. అందరూ చీకటి అన్నారు, తనకు మాత్రం అది నిశ్శబ్దం. పక్కింటి నల్లా చుక్కలు వినిపించాయి. ఆ ఇంటి ముసలాయన ఊపిరి వినిపించింది. ఆ తర్వాత ఒక పాట. చేతి రాట్నం మీద కండెలు చుడుతూ అమ్మ తనలో తాను పాడుకుంటోంది. పుట్టినప్పటి నుంచి ఆమె పక్కనే ఉన్నా, సాంచాల మోతలో ఆ పాట ఒక్కనాడూ వినలేదు. అంతలో అమ్మకు తన గొంతు తనకే వినిపించి, ఆపేసింది.

ఇది మూడో పేరా. అఖిల పెన్ను అక్కడే ఆగిందట. పెన్ను చప్పుడు ఆగిందని రజితకు తెలిసింది.

"రాస్తలేవేంది?"

"అక్కా, అమ్మ మల్ల పాడిందా?"

"అది చిటికెనవేలు మీద ఉన్నది. ముందుగాల గీ వాక్యం రాయి."

చివరి పేరాలో కరెంటు వస్తుంది. సాంచాలు మొదలవుతాయి. కూతురు వెళ్లి అమ్మ వీపుకు చెవి ఆనించి కూర్చుంటుంది. పాట మళ్లీ వినిపిస్తుంది, ఈసారి ఎముకల్లోంచి.

చెప్పడం అయ్యాక రజిత, ఆర్టికల్స్‌లో రెండు తప్పులు పడ్డట్టున్నాయని బెంగపడింది.

పాసైంది. బీఈడీలో చేరింది. ఇప్పుడు గంభీరావుపేటలో ఓ ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెబుతోంది.

పక్కన పాప నిద్రలో కదిలినప్పుడల్లా ఆగి, ఇది రాస్తున్నాను. ఏళ్లుగా నేను వ్యాసానికి ఆరంభం, నడక, ముగింపు ఉండాలని చెబుతూ వచ్చాను. ముగింపు కోసం అవతల ఒక మనిషి ఆగి ఎదురుచూడాలని నాకు నేర్పింది మాత్రం ఇంగ్లీషంటే భయపడే ఆ ఇంటర్ పిల్ల. ఇప్పుడు నా క్లాసులో ఎవరూ ముందే పెన్ను తీయరు. పక్కనున్నవాళ్లకు మొదట నోటితో చెప్పాలి. వాళ్లు "తర్వాత?" అని అడిగితేనే రాయడం మొదలుపెట్టాలి.